వెనక దారిన రమ్మన్నానుగా

ఆపన్నా, ఆపు! ముందు ఆ ఇంజను ఆపేయ్. వెనక దారిన రమ్మన్నానా లేదా ఫోనులో? ఒకటికి రెండుసార్లు చెప్పాను కదా ఓర్వల్ అన్నా, ఇంటి ముందుకి రావద్దు, గడ్డి షెడ్డు పక్కనుంచి తిరిగి రా అని. అన్నిటికీ ఆఁ ఆఁ అన్నావు. ఇప్పుడు చూడు, చచ్చిన పశువుల బండిని ఏకంగా మా వంటింటి కిటికీ ఎదురుగా తెచ్చి పెట్టావు!

ఏంటీ? అక్కడ మంచు నడుము లోతుందా? తొయ్యలేదా అంటే... తొయ్యలేదు. నిజమే. నిన్న పొద్దునంతా ఆస్పత్రితో, ఆ తర్వాత పిల్లతోనే సరిపోయింది, ట్రాక్టరు బయటికే తియ్యలేదు. సరే, తప్పు నాదే. ఈమధ్య అన్ని తప్పులూ నావే.

దిగకు. ఒక్క నిమిషం దిగకన్నా. అద్దం దించు చాలు. కిటికీ వైపు చూడకు. చలి గురించి మాట్లాడుకుంటున్నట్టు ఉండు.

ఎవరున్నారా? రిన్స్కె. మా అమ్మాయి. ఇవాళ బడికి పోలేదు. నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడు లేదులే, మా ఆవిడ లోర్నా లోపల దానికి జడ వేస్తూ ఉంటుంది. జడ వెయ్యాలంటే అరగంట, మొహానికంతా ప్లాస్టర్లు కదా.

చెబుతా, చెబుతా. ముందు దూడ సంగతి. చావిడి వెనకాల ఉంది, నీలం పట్టా కింద. చిన్నదే. కోడెదూడ, కవలల్లో రెండోది. ఎనిమిది రోజులది. ఒక్కడివే ఎత్తేస్తావు, నా సాయం కూడా అక్కర్లేదు. అసలు నేను రాను.

పదిహేనేళ్ల నుంచి వస్తున్నావు మా ఇంటికి. నాన్న బతికున్న రోజుల నుంచీ. ఎప్పుడైనా ఇంత గోల చేశానా చెప్పు? 'అదిగో', 'సరే', అంతే కదా మన ఇద్దరి మధ్యా మాటలు. నీకింకా ఎన్ని ఊళ్లున్నాయి ఇవాళ? రెండేనా? అయితే కాస్త కూర్చో. కాఫీ ఇవ్వలేను, లోపలికి రమ్మనలేను. కూర్చో, అంతే.

ఎవరికో ఒకరికి చెప్పాలన్నా. లోర్నాకి చెప్పలేను. పాస్టరుగారికి చెబితే ప్రార్థన చేద్దాం పద అంటారు. నువ్వయితే ఏమీ అనవు. నీకు రోజూ చావులే కదా పని, ఇదొక లెక్కా నీకు?

రిన్స్కెకి కడుపు బాలేదు, తెలుసుగా. తెలీదా? పుట్టినప్పట్నుంచీ అంతే. తిన్నది కిందికి పోయినట్టే పోయి పైకి వచ్చేస్తుంది. పడుకుంటే దగ్గు. గొంతు చూడు, ఆరేళ్ల పిల్లకి ముసలాడి గొంతు. మేమేమో మామూలే, పెద్దయితే తగ్గుతుంది అనుకుంటూ వచ్చాం. పళ్ల డాక్టరు పట్టుకున్నాడు. వెనక పళ్లు అరిగిపోయాయి, కడుపులో పులుపు ఇక్కడిదాకా వస్తోంది, మీరేం చేస్తున్నారు ఇన్నాళ్లూ అన్నాడు. ఏం చేస్తున్నాం? పాలు పితుకుతున్నాం.

అక్కణ్ణుంచి పెద్దాస్పత్రి. వాళ్లేమో ఊరికే మందులు మింగించి లాభం లేదు, ఆ పులుపు రోజుకి ఎన్నిసార్లు వస్తోందో, ఎంతపైకి వస్తోందో కొలవాలి అన్నారు. ఆ లెక్క బాగా ఎక్కువొస్తే కడుపు పైభాగం మెలేసి కుట్టేస్తారట. తక్కువొస్తే మందులతో పోతుందట. కొలిచేదెలాగంటే, ముక్కులోంచి సన్నటి గొట్టం. నూడుల్ అంత సన్నం. ముక్కులోంచి గొంతులోకి, గొంతులోంచి కడుపు గుమ్మందాకా. ఈ కొస చెంపకి అంటించి, భుజానికి తగిలించుకునే పెట్టెలో పెడతారు. ఇరవైనాలుగు గంటలు. పిల్ల దాన్ని మోసుకుంటూ ఇంట్లోనే తినాలి, ఆడాలి, పడుకోవాలి.

నిన్న పొద్దున పదకొండింటికి వేశారు. ఇవాళ పదకొండింటికి తీస్తారు. ఇప్పుడు టైమెంత? ఎనిమిదా. ఇంకా మూడు గంటలు. ఈ మూడు గంటలు దానికి నీ బండి కనబడకూడదు, అదీ నా గోల.

ఎందుకంటావా? వస్తున్నా అక్కడికే.

వారం ముందే కాగితం ఇచ్చారు, రెండువైపులా అచ్చేసి. పిల్లను ఎలా సిద్ధం చెయ్యాలీ అని. కడుపు మందు ఏడు రోజుల ముందు మానిపించాలి. ఎందుకూ? మందుంటే పులుపు తెలీదుగా! బాధెంతుందో కొలవాలంటే ముందు బాధపడనివ్వాలి. ఆ ఏడు రోజులూ మా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. అది దిండ్లకి జారబడి కూర్చుని దగ్గుతూనే ఉంది. 'ఒక్క చెంచా మందివ్వు నాన్నా' అనేది. ఇవ్వలేదు. సీసా తీసుకెళ్లి ట్రాక్టరు పెట్టెలో దాచి తాళం వేశాను. నన్ను నేనే నమ్మలేక.

ఇంకేం రాశారు... గుండీల చొక్కా వెయ్యండి, తలమీంచి తొడిగేది వద్దు. తీసుకొచ్చే రోజు నాలుగు గంటల ముందు నుంచీ మంచినీళ్లు కూడా వద్దు. ఇష్టమైన బొమ్మ తెచ్చుకోవచ్చు. చివర్న పెద్దక్షరాలతో ఏముందో తెలుసా? పిల్లకి నిజం చెప్పండి. నొప్పే ఉండదని అబద్ధం ఆడొద్దు. వాళ్లకి తెలిసిన వస్తువుతో, వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చేసి చూపించండి.

లోర్నా పాపం బొమ్మను తెచ్చింది. దాని ముక్కు దగ్గర జ్యూసు తాగే పుల్ల పెట్టి, ఇదిగో ఇలా వెళుతుంది, బొమ్మ ఏడిచిందా చూడు, అంటోంది. రిన్స్కె దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, 'దీనికి గొంతు లేదమ్మా, ముక్కుకి కన్నం కూడా లేదు' అంది. నాకు నవ్వాగలేదు. పాలవాళ్ల పిల్లా మజాకానా! లోర్నాకి కోపం. అంత తెలిసినవాళ్లయితే మీరే చెప్పండి అని బొమ్మను నా ఒళ్లో పడేసి పోయింది.

అప్పుడు వెలిగిందన్నా నా బుర్ర. అది వెలక్కుండా ఉంటే ఎంత బావుండేది.

మనకి గొట్టం కొత్తా? పుట్టిన బుద్ధెరిగి దూడలకి గొట్టాలు వేస్తూనే ఉన్నాను. మా నాన్న నేర్పాడు నాకు, ఇంత ఉన్నప్పుడు. అదే కదా దీనికి తెలిసిన వస్తువు! రా అమ్మడూ, బూట్లు తొడుక్కో, నీకు బొమ్మ కాదు, అసలుది చూపిస్తా అన్నాను. శనివారం సాయంత్రం, పాలు పితికే ముందు.

అదిగో, ఆ పట్టా కింద ఉన్నాడే, వాడి దగ్గరికే తీసుకెళ్లాను.

వాడి పేరు టోస్ట్. నవ్వకు. దూడ పుట్టినరోజు పొద్దున తనేం తిందో ఆ పేరు పెడుతుంది అది. వాడు పుట్టింది మందు మాన్పించిన మంగళవారం. ఆ రోజు దానికి ఎండు రొట్టెముక్క తప్ప ఏదీ నిలవలేదు. టోస్ట్ అంది. ముందు పుట్టిన కవల గట్టిది, పుట్టిన గంటకే సీసా పట్టుకుని పీకేసింది. వీడికి పీల్చే ఓపిక లేదు. వేలు నోట్లో పెడితే నాలుక ఆడించి ఊరుకునేవాడు. రెండుపూటలా గొట్టమే. మగదూడకి ఇంత సేవ ఎందుకురా అని మా బావ వెక్కిరించాడు కూడా. ఎందుకో, వెయ్యబుద్ధయింది, వేశాను.

రిన్స్కెని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అంతా చూపించాను. ముక్కు కొస నుంచి ముందుకాలి మోచిప్ప దాకా కొలిచి గొట్టం మీద గుర్తు పెట్టడం, గోరువెచ్చటి పాలల్లో ముంచడం, నాలుక మీంచి మెల్లిగా, తోసేది కాదు, వాడు మింగుతుంటే దానంతట అదే దిగేలా. దాని వేళ్లు పట్టుకుని వాడి మెడమీద పెట్టాను. చూడు తల్లీ, రెండు తగులుతున్నాయా? గరగరగా ఉన్నది ఊపిరిది, అది దేవుడు పెట్టింది. మెత్తటిది మనం వేసింది. ఆ రెండోది తగిలాకే పాలు పొయ్యాలి.

వాడు కిక్కురుమనలేదు. కళ్లమ్మట నీళ్లు కారాయి, అంతే. అది చాలాసేపు చూసింది. 'నొప్పా నాన్నా వాడికి?' లేదు, వింతగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. 'నాక్కూడా ఇంతేనా?'

అచ్చం ఇలాగే, అన్నాను.

అచ్చం ఇలాగే! కాగితంలో ఎలా రాశారో అలాగే చెప్పానన్నా. నిజమే చెప్పాను. తెలిసిన వస్తువుతోనే చూపించాను. ఇంటికొచ్చి లోర్నా ముందు కాలర్ ఎగరేశాను కూడా.

అప్పట్నుంచీ అది చాలా బుద్ధిమంతురాలైపోయింది. మందు అడగడం మానేసింది. పిల్లికి పాలు ఎంత వెచ్చగా పొయ్యాలో లోర్నాకి దగ్గరుండి నేర్పింది. తన ఎర్ర స్కార్ఫు తీసుకెళ్లి చావిడిలో టోస్ట్ పడుకునే గూటికి కట్టొచ్చింది. పిల్ల ఒక్కసారిగా ఎంత ఎదిగిపోయిందో చూశావా అంది లోర్నా. నాకూ ముచ్చటేసింది. ఎంత గుడ్డివాళ్లమో చూడు.

నిన్న ఆస్పత్రిలో కూడా అంతే. ఆ నర్సు, పొట్టిగా, మంచి మనిషి, గొట్టం పీకేసుకునే పిల్లల మోచేతులకి కట్టే అట్టముక్కలు కూడా తెచ్చి పెట్టుకుంది. అవసరమే రాలేదు. ఇది తన చేతులు తనే ఒళ్లో పెట్టుకుంది. గొట్టం తీసుకుని ముక్కు నుంచి చెవి దాకా, చెవి నుంచి రొమ్ము కిందికి కొలిచింది నర్సు. మేమూ ఇలాగే కొలుస్తామండీ దూడలకి అన్నాను. నవ్విందావిడ. నేనూ నవ్వాను.

భుజాలు నేనే పట్టుకున్నాను. నీళ్లు చప్పరిస్తూ మింగు, మింగు బంగారం, ఇంకొక్క గుటక అంటూ దించేసింది. అయిపోయింది. నిమిషం పట్టలేదు. ఇన్నేళ్లలో ఇంత ధైర్యమున్న పిల్లని చూళ్లేదండీ అంది నర్సు. 'మా నాన్న నాకు ముందే చూపించాడు' అంది రిన్స్కె. నా ఛాతీ ఎంతయిందో నీకేం చెప్పను!

వాడిలాగే ఉందన్నా. మెడ అలాగే చాపింది. కళ్లమ్మట నీళ్లు, నోట మాట లేదు. అప్పుడే నాకెందుకు తట్టలేదు?

తిరిగొస్తున్నాం. లోర్నా ఇంటి దగ్గరే, బండిలో మేమిద్దరమే. పెద్దరోడ్డు ఎక్కాం. వెనక సీట్లోంచి అడిగింది, ఇవాళ భోజనానికి ఏముంది అని అడిగినట్టు, అంత మామూలుగా. 'నాన్నా, ఓర్వల్ మామ ఇంటిదాకా వస్తాడా, నన్ను నువ్వు చావిడి వెనక్కి తీసుకెళ్లి పెట్టాలా?'

అవును. నీ పేరే. నీ గురించే.

నాకు మొదట అర్థం కాలేదు. ఏంటమ్మా అన్నాను. 'పట్టా మాత్రం నీలంది వద్దు, అది వాసన' అంది.

బండి రోడ్డు పక్కన మంచులోకి దింపేశాను. ఎలా దింపానో నాకే తెలీదు, వెనకొస్తున్న లారీవాడు హారన్ కొట్టుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూస్తే అది బెల్టు పెట్టుకుని, పెట్టె ఒళ్లో పట్టుకుని, చక్కగా కూర్చునుంది. ఎవరు చెప్పారే నీకు ఈ మాటలు అంటే, వేళ్లు మడిచి లెక్క చెప్పింది. సీసా తాగినవి పెద్ద దూడలుండే తెల్ల గూళ్లలోకి పోతాయి. గొట్టం వేసినవి ఓర్వల్ మామ బండెక్కుతాయి. 'ఓట్స్‌కి గొట్టం వేశావు, వెళ్లిపోయింది. పాన్‌కేక్‌కి వేశావు, వెళ్లిపోయింది. గుడ్డుకి వేశావు, వెళ్లిపోయింది. ఇప్పుడు టోస్ట్‌కీ నాకూ.'

చలికాలం మొదలైనప్పట్నుంచీ నాలుగంటే నాలుగే వేశానన్నా గొట్టాలు. మూడు నువ్వే తీసుకెళ్లావు. నేనెప్పుడూ అలా లెక్కెయ్యలేదు. పాలు తాగలేని దూడకే కదా మనం గొట్టం వేసేది. పోయేదానికి గొట్టం వేస్తాం కానీ, గొట్టం వల్ల పోదు కదా! నీకూ నాకూ తెలుసు. ఆరేళ్లదానికి ఎవరు చెప్పాలి? అది కిటికీలోంచి చూసింది. గొట్టం, తర్వాత పట్టా, తర్వాత నీ బండి. దూడకీ మనిషికీ తేడా ఉందని చెప్పాల్సినవాణ్ణి నేనే, అచ్చం ఇలాగే అన్నాను.

మూడు రోజులు! శనివారం నుంచి మంగళవారం దాకా ఆ పిల్ల చచ్చిపోతానని తెలిసే అన్నం తిందన్నా. చచ్చిపోతానని తెలిసే పిల్లిని అప్పజెప్పింది. దానికి ధైర్యమని పేరు పెట్టాం మేము.

నాకప్పుడు ఏడుపు రావాలి కదా? రాలేదు. ఇప్పుడూ రావట్లేదు. వేళ్లు గడ్డకట్టాక సూదితో పొడిచినా తెలీదు చూడు, అలా ఉంది లోపలంతా.

అప్పుడైనా సరిగ్గా చెప్పొచ్చుగా అంటావా? చెప్పొచ్చు. నీకు చెప్పినంత శుభ్రంగా దానికి చెప్పొచ్చు. కానీ భయమేసిందన్నా. భయంలో నోటికి ఏదొస్తే అది. ఛ ఛ, అదేం మాటే, టోస్ట్ బతికే ఉన్నాడుగా! గొట్టం వేసి వారమైందా లేదా? బతికే ఉన్నాడా లేదా? వాడు బాగైపోతాడు. నీకేం కాదు, వాడికేం కాదు. ఇద్దరూ ఒకటే.

వెంటనే అడిగింది. 'అయితే టోస్ట్ బతికితే నేనూ బతుకుతానా?'

అవును, అన్నాను.

చూశావా నా తెలివి? కన్నకూతురి ప్రాణం తీసుకెళ్లి లేవలేని దూడ మెడకి కట్టి వచ్చాను.

కానీ ఆ మాటకి దాని మొహం విప్పారిందన్నా. ఇంటికొచ్చింది, చీజు ముక్క పెట్టి కాల్చిన రొట్టె తింది, చాక్లెట్ పాలు తాగింది. రోజూ తినేవే పెట్టమన్నారులే, దాచిపెట్టొద్దు, పులుపు రానివ్వండి అన్నారు. ఆ పెట్టెకి మూడు మీటలు. తిన్నప్పుడొకటి, పడుకున్నప్పుడొకటి, దగ్గొచ్చినప్పుడొకటి. తనే నొక్కుకుంది ఠంచనుగా. లోర్నా పక్కన కూర్చుని ఆస్పత్రి కాగితం మీద టైములు రాసింది. ఒంటిగంటా పది, రొట్టె. ఒంటిగంటా నలభై, దగ్గు. దుమ్ము తగలకూడదని చావిడిలోకి రానివ్వలేదు దాన్ని. అందుకే ఆ కిటికీ. గంటకోసారి నన్ను పంపించడం, టోస్ట్ ఎలా ఉన్నాడో చూసి రమ్మని. లేచాడా? చెవులు ఆడిస్తున్నాడా? ఆడిస్తున్నాడే తల్లీ. నిజంగానే ఆడించాడు. నిన్న మధ్యాహ్నం వాడికి బాగానే ఉంది.

ఆఁ. పొద్దున ఐదింటికి చూశాను. బిగుసుకుపోయి ఉన్నాడు.

ఆ తర్వాత ఏం చేశానా? నీకు ఫోను చేశాను. అది లేవకముందే తీయించేద్దామని. కవల ఉందిగా, దాన్నే ఆ గూట్లోకి మార్చి టోస్ట్ అని చూపిద్దామా అని కూడా అనుకున్నాను. కుదర్దు. వీడికి నుదుట తెల్ల చుక్కుంది, దానికి లేదు. రిన్స్కె వెంట్రుకతో సహా గుర్తుపడుతుంది. సరే, పదకొండింటిదాకా ఎలాగోలా నెట్టుకొస్తే గొట్టం తీసేస్తారు. తీసేశాక, ఎవరో కొనుక్కెళ్లారని చెప్పొచ్చు. అదీ నా పథకం. అందుకే వెనక దారిన రమ్మన్నది. వింటేగా నువ్వు!

చలికి పోయుంటాడా? అవును, మైనస్ ఇరవై ఒకటికి పడింది రాత్రి. వెన్నులోకి దిగిపోయే చలి. నీ బండినిండా అవేనా ఈ వారం? ఎక్కడ చూసినా అదేనా? ఊఁ. ఎలాగూ బతికేవాడు కాదంటావు. లోర్నా కూడా అదే అంటుంది. మా బావా అదే అంటాడు. అందరూ అనడానికి సిద్ధంగా ఉన్నారు.

కాదన్నా.

చలి కాదు. నువ్వు చలి చలి అని నా నోరు మూయించకు. నిన్న సాయంత్రం నేను వాడికి పాలు పట్టలేదు.

మర్చిపోలేదు. వెళ్లాను. పాలు వెచ్చబెట్టాను. గొట్టం కడిగాను, గుర్తు దాకా ముంచాను. వాడి తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. నోరు తెరిచాడు. నేను తెరవలేదన్నా, వాడే తెరిచాడు, వారంగా అలవాటైపోయింది కదా. మెడ చాపాడు. కళ్లు పైకెత్తి నన్ను చూశాడు.

నా చెయ్యి కదల్లేదు.

నిన్న పొద్దున రిన్స్కె భుజాలు పట్టుకున్న చేతులివి. మింగు బంగారం, మింగు అని ఎవరో అంటున్నట్టే ఉంది చెవిలో. ఎన్ని వందల దూడలకి వేశాను! మా నాన్న చూస్తుండగా పదేళ్లకే వేశాను. నిన్న మాత్రం ఆ గొట్టం వాడి నాలుకమీద ఆనించి అలా ఉండిపోయాను. ఎంతసేపో తెలీదు. పాలు చల్లారిపోయాయి. లోర్నాని పిలవొచ్చు. పిలిస్తే ఎందుకని అడుగుతుంది. ఒక్క పూటకి ఏమవుతుందిలే, పొద్దున చేతులు కుదుటపడ్డాక వేద్దాంలే అనుకున్నాను. పాలు పిల్లులకి పోశాను. వాడు ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు నేను లేచేసరికి.

లోపలికి రాగానే, 'వేశావా నాన్నా?' వేశాను. 'తాగాడా?' మొత్తం. 'అమ్మా రాయి, రాయి' అంది. అవేం రాయకూడదే అంటే వినదు. దాని పోరు పడలేక రాసింది లోర్నా. ఐదూ నలభై, టోస్ట్ పాలు తాగాడు. డాక్టర్లు చూసే కాగితం అది! కూతురి దగ్గు పక్కన నా అబద్ధం, టైముతో సహా.

అదీ సంగతి. తిడితే తిట్టు. తిట్టవా? పోనీ ఏదో ఒకటి అను.

నిజం చెప్పెయ్యమంటావా? హుఁ. చెప్పెయ్యమనడం ఎవరికైనా తేలికే, ఆ మొహం చూస్తూ...

ఉండు. తలుపు చప్పుడైంది.

వస్తోంది. అయ్యో, లోర్నా ఎక్కడ చచ్చింది! లోర్నా! అన్నా, వచ్చేస్తోందన్నా. కోటు వేసుకుంది చూడు. గుండీలన్నీ పెట్టుకుంది. బూట్లు, టోపీ, చేతి తొడుగులు. పెట్టె భుజాన తగిలించుకుంది. జడ సగమే వేసి ఉంది. చంకలో ఏంటది... బొమ్మ. గొంతు లేని బొమ్మ.

ఎక్కడికి బయల్దేరిందనుకుంటున్నావు ఇంత పొద్దున్నే? బడికి కాదుగా. నీ బండి చూసిందన్నా. చూసి తయారై వస్తోంది.

ఏం చెప్పను? చలికి పోయాడని చెబితే, మొత్తం తాగాడన్నావుగా అంటుంది. గొట్టం వేశాక కూడా పోయాడంటే తనూ అంతే అనుకుంటుంది, ఇక ఏ డాక్టరు చెప్పినా నమ్మదు. వాణ్ణి ఎవరో కొనుక్కెళ్లారంటే, మరి ఓర్వల్ మామ ఎవరికోసం వచ్చాడు నాన్నా అంటుంది. ఇంకేం మిగిలింది? గొట్టం వెయ్యనందుకే పోయాడని చెప్పాలి. వేసుంటే బతికేవాడని చెప్పాలి. నేనే వెయ్యలేదని చెప్పాలి. ఆ ఒక్క మాటకే దాని భయం పోతుంది. నామీద నమ్మకం ఉంటుందో ఊడుతుందో, అది తర్వాతి మాట.

ఏయ్, తాళం తిప్పకు! ఎక్కడికి? ఉండన్నా, నీకు పుణ్యముంటుంది. నువ్వు కదిలితే నేను మళ్లీ ఏదో ఒకటి కల్పిస్తాను, నా సంగతి నాకు తెలుసు. దిగు. దిగి ఇక్కడ నా పక్కన నిలబడు.

రా తల్లీ. మెల్లిగా రా, జారుతుంది అక్కడ. ఓర్వల్ మామ నీకోసం రాలేదమ్మా. టోస్ట్ కోసం వచ్చాడు. నిన్న సాయంత్రం నేను వాడికి గొట్టం వెయ్యలేదు.